కారణం కాగితం మీద రాయించు

మలంచ, ఖరగ్‌పూర్

చిరంజీవి చిన్నాకి చినతాత ఆశీర్వదించి రాసేది.

మీ అమ్మ నిన్న వచ్చి కారు సంగతి చెప్పింది. షోరూం వాళ్లు నీకు పంపిన జవాబు కూడా ఫోన్లో చూపించింది. శనివారం హల్దియా నుంచి వచ్చీ రాగానే కోపంతో ఏదో ఒకటి చేసేస్తావేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. దీన్ని దగ్గర పెట్టుకుని నింపాదిగా చదువు.

నాకు అర్థమైనంతవరకు జరిగింది ఇదీ. కారు కోల్‌కతా షోరూంలో కొన్నావు. సర్వీసులన్నీ కంపెనీవాళ్ల దగ్గరే చేయించావు. వారంటీ ఇంకా కొన్ని నెలలుంది. పోయిన నెల ఎండలో వస్తుంటే బెల్టు కాలిన వాసన వచ్చి ఏసీ ఆగిపోయింది. కంప్రెసర్ పట్టేసిందని వాళ్లే తేల్చారు. తీరా వారంటీ అడిగితే, గోల్‌బజార్లో నువ్వు స్టీరియో, వెనక కెమెరా బిగించుకున్నావు కాబట్టి వర్తించదన్నారు. బయటివాళ్లు వైరింగు ముట్టుకున్నారు కాబట్టి ఎలక్ట్రికల్ వారంటీ రద్దట. కొత్త కంప్రెసర్‌కి, కూలికి కలిపి 42 వేలు కట్టమన్నారు. మీ నాన్నేమో కట్టేసి వదిలెయ్యమంటున్నాడు.

కట్టి ఊరుకోవద్దు. నా మాట ముందే చెప్పేస్తున్నాను. పెద్దవాణ్ణి కదా, సర్దుకుపొమ్మంటానని నువ్వు అనుకుని ఉంటావు. సర్దుకుపోవాల్సిన చోట్లు వేరే ఉన్నాయి.

నేను పనిచేసింది రైల్వే వర్క్‌షాపులో అని నీకు తెలుసు గాని, ఏం పని అన్నది నువ్వెప్పుడూ అడగలేదు. పెట్టెల కింద యాక్సిల్ బాక్సుల్లో ఉండే రోలర్ బేరింగులు పాడై వస్తే, అవి ఎందుకు పాడయ్యాయో చూసేవాళ్లలో నేనొకణ్ణి. రైల్వే కూడా నీలాగే కొనుగోలుదారే. కొన్న ప్రతి సామానుకూ వారంటీ ఉంటుంది. గడువు లోపల బేరింగు పోతే సప్లయరు మార్చివ్వాలి. సప్లయరు మాత్రం తేలిగ్గా ఒప్పుకుంటాడా? మీరు గ్రీజు సరిగ్గా పెట్టలేదంటాడు, నీళ్లు చేరాయంటాడు, బిగించడం తెలియలేదంటాడు. అందుకని బేరింగు విప్పగానే రింగు మీద ఉన్న తయారీదారు గుర్తు, నెంబరు రాసుకునేవాళ్లం. చక్రానికి ఏ తేదీన ఎక్కించామో, గ్రీజు ఎప్పుడు పెట్టామో రికార్డులోంచి తీసేవాళ్లం. ఆపైన సప్లయరు మనిషిని పిలిచి, అతని ఎదుటే చూసి, ఇద్దరం సంతకాలు పెట్టేవాళ్లం. అతను లేకుండా చూస్తే రేపు ఒప్పుకోడు.

లోహం చూస్తే చాలా తెలుస్తుంది. విపరీతంగా వేడెక్కిన రోలరు నీలం తిరుగుతుంది. గ్రీజులో మట్టి చేరితే గీతలు ఒక రకంగా పడతాయి. నీరు చేరితే తుప్పు మచ్చ కనబడుతుంది. బేరింగు గుండా కరెంటు పోతే రేసు మీద ఒకే ఎడంతో అడ్డగీతలు వరసగా పడతాయి. లోహం అలిసిపోయినా, లోపల మలినం ఉన్నా పైపొర పొలుసులుగా లేస్తుంది. సప్లయరు చెప్పే కారణం బేరింగు మీద కనబడాలి. కనబడకపోతే ఆ కారణం చెల్లదు. మా సెక్షన్లో పని అంతా ఈ ఒక్క నియమం మీదే నడిచింది.

ఇప్పుడు నీ కంప్రెసర్ దగ్గరికొద్దాం. నీ బండిలో అది ఇంజను బెల్టుతో తిరుగుతుంది. కరెంటు చేరేది దాని ముందు భాగంలో ఉన్న క్లచ్ కాయిల్‌కి. నువ్వు ఏసీ మీట నొక్కితే కాయిల్‌కి కరెంటు వెళ్లి, అది అయస్కాంతమై, పుల్లీని కంప్రెసర్ ఇరుసుతో కలుపుతుంది. వైరింగులో లోపముంటే ఏమవుతుంది? ఫ్యూజు పోతుంది, రిలే పోతుంది, లేదా కాయిల్ కాలుతుంది. ఈ మూడింటిలో ఏది జరిగినా క్లచ్ పట్టదు. పుల్లీ ఒంటరిగా తిరుగుతుంది. ఏసీ చల్లదనం ఇవ్వదు, అంతే. బెల్టు కాలదు. నీకు బెల్టు కాలిన వాసన వచ్చిందంటే అర్థం ఏమిటి? క్లచ్ పట్టుకునే ఉంది, అంటే కాయిల్ బాగానే పనిచేసింది. ఇరుసు మాత్రం లోపల బిగుసుకుపోయింది. ఇంజను తిప్పుతోంది, కంప్రెసర్ తిరగనంటోంది, మధ్యలో బెల్టు జారి కాలింది. ఇది లోపలి బేరింగో పిస్టనో పట్టెయ్యడం వల్ల వచ్చిన నష్టం. డాష్‌బోర్డులో బిగించిన స్టీరియోకి ఆ పిస్టన్ దగ్గరికి దారి ఎక్కడుంది?

ఈ ప్రశ్ననే వాళ్లని అడగాలి. షోరూంలో నిలబడి అరవకుండా, కాగితం మీద అడగాలి.

అంతకన్నా ముందు నువ్వు నాకు నిజం చెప్పాలి. కంప్రెసర్ పట్టెయ్యడానికి ఒక పెద్ద కారణం లోపల ఆయిల్ తగ్గిపోవడం. ఆ ఆయిల్ గ్యాస్‌తో పాటే వ్యవస్థంతా తిరుగుతుంది. బయట ఎక్కడైనా చవగ్గా గ్యాస్ పట్టించావా? పట్టించి ఉంటే, వాళ్లు తప్పు ఆయిల్ పోసి ఉండవచ్చు, లీకు చూడకుండా నింపి ఉండవచ్చు. అప్పుడు కంపెనీ మాటకి బలం ఉంటుంది. నేను కూడా ఈ ఉత్తరం వెనక్కి తీసుకుంటాను. అలాగే నువ్వు పెద్ద యాంప్లిఫయర్ బిగించి ఆల్టర్నేటర్ కాల్చుకుని ఉంటే, వాళ్ల పక్షానే మాట్లాడేవాణ్ణి. బయట గ్యాస్ పట్టించలేదని మీ అమ్మతో అన్నావట. ఆ మాట నమ్మే రాస్తున్నాను.

ఇక చెయ్యవలసింది. బండి ఇచ్చిన రోజు వాళ్లు రాసిన జాబ్‌కార్డు నీ దగ్గరుంది కదా, దాన్ని ప్రాణంలా దాచుకో. వారంటీ గడువు లోపలే నువ్వు ఫిర్యాదు చేశావనడానికి సాక్ష్యం అదే. రైల్వే కొనుగోళ్ల ఒప్పందాల్లో కూడా ఇదే పద్ధతి. గడువు ముగిసేలోగా ఫిర్యాదు తెలియజేస్తే చాలు, తగువు తేలేది ఆ తర్వాతైనా హక్కు పోదు. కాబట్టి వారంటీ అయిపోతుందని కంగారుపడి తల ఊపేయకు.

తర్వాత వాళ్లకి ఒక మెయిల్ రాయి. మూడు సంగతులే అడుగు. వారంటీ పుస్తకంలో ఏ నిబంధన కింద నిరాకరించారు? కంప్రెసర్‌ను విప్పి చూశారా, చూస్తే ఏం కనబడింది? నేను బిగించిన స్టీరియో వల్ల ఈ భాగం ఎలా పాడైంది? మర్యాదగా రాయి. సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు నీ ఈడువాడే, పైవాళ్లు చెప్పింది చెబుతున్నాడు. అతన్ని నిందించకు. జవాబొస్తే మంచిదే. రాకపోతే, అడిగితే చెప్పలేకపోయారన్నది రికార్డులోకి ఎక్కుతుంది, అదీ మంచిదే.

కంప్రెసర్ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. వారంటీలో మార్చి ఉంటే పాత భాగం కంపెనీది. మార్చనన్నారు కాబట్టి అది నీ సొత్తు. ఆఫీసుకి బండి లేక ఇబ్బందిగా ఉంటే, అభ్యంతరం తెలుపుతూ కడుతున్నానని మెయిల్లో రాసి, డబ్బు కట్టి బండి నడుపుకో. పాత కంప్రెసర్ మాత్రం తిరిగి ఇవ్వాలని జాబ్‌కార్డులో రాయించు. విప్పే ముందు, విప్పిన తర్వాత ఫోటోలు తియ్యి. నెంబరు పలక స్పష్టంగా పడాలి. గొట్టాల మూతులు మూయించి, సంచిలో పెట్టి, ఇంటికి తెచ్చి అలాగే ఉంచు. గోల్‌బజార్ మెకానిక్ చేత సరదాకి కూడా విప్పించకు. విప్పితే ఏం చేశారో అంటారు.

ఇంత చాదస్తం ఎందుకంటే, లోపం ఉందని చూపించే భారం మొదట కొన్నవాడి మీదే పడుతుంది. వినియోగదారుల చట్టంలో ఒక ఏర్పాటు ఉంది. లోపం పరీక్ష చేస్తే తప్ప తేలని వస్తువైతే, వినియోగదారుల కమిషన్ దాన్ని గుర్తింపున్న ల్యాబుకి పంపి 45 రోజుల్లో నివేదిక అడుగుతుంది. ఖర్చు ముందు నువ్వు కట్టాలి. భాగమే లేకపోతే పంపేదేముంది? మన ఊళ్లోనే ఐఐటీ ఉంది. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైనప్పటి నుంచి లోహాలు, యంత్రాలు చదివినవాళ్లు అక్కడ ఉన్నారు. పరీక్షకు అక్కడికి పంపమని నువ్వు కోరవచ్చు. ఎక్కడికి పంపాలన్నది కమిషన్ ఇష్టం.

అయితే కొన్నవాడు శాస్త్రవేత్త కానక్కర్లేదు. క్రెటా కారు ముందు నుంచి గుద్దుకున్నా ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదని ఢిల్లీలో ఒకాయన వేసిన కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వేగం ఎంత, బలం ఎంత అని లెక్కలు కట్టి కొనుగోలుదారు నిరూపించాలని ఆశించకూడదంది. ఆయన గెలిచాడు. సాదా మనిషికి ధైర్యమిచ్చే మాట అది.

స్టీరియో సంగతికి ఇంకో ఆధారం ఉంది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు బయట దొరక్కుండా చేస్తున్నారన్నది అసలు ఆరోపణ. ఆ ఉత్తర్వులోనే వారంటీ ప్రస్తావన కూడా ఉంది. బయట మెకానిక్ చేత పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదని, ఆ బయటి పని వల్ల కలిగిన నష్టం వరకే నిరాకరించవచ్చని చెప్పింది. కంపెనీలు దాని మీద అప్పీళ్లకు వెళ్లాయి కాబట్టి దీన్నే తిరుగులేని అస్త్రం అనుకోకు. కానీ ఒక జాతీయ సంస్థ ఇలా ఆలోచించిందని నీ ఫిర్యాదులో తప్పకుండా రాయి. అమెరికాలో 1975 నుంచీ మాగ్నసన్ మాస్ చట్టం ఇంచుమించు ఇదే చెబుతోంది. ఫలానా కంపెనీ సామానే వాడితేనే వారంటీ అని కట్టిపడెయ్యకూడదని. మేం వర్క్‌షాపులో పాటించిన నియమమే అన్నిచోట్లా తిరుగుతోంది చూడు. చెప్పిన కారణం పాడైన భాగానికి తగలాలి.

నీ మెయిల్‌కి జవాబు పదిహేను రోజుల్లో రాకపోతే, వచ్చినా కాదంటే, 1915 నెంబరుకి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్లో ఫిర్యాదు నమోదు చెయ్యి. అక్కడ తీర్పులు ఇవ్వరు, కంపెనీకి పంపి పరిష్కరించమంటారు. చాలా కంపెనీలు అక్కడికొస్తే మెత్తబడతాయి. అక్కడా కుదరకపోతే మిడ్నాపూర్‌లో జిల్లా కమిషన్.

కోల్‌కతాలో కొన్నాను కదా, కోల్‌కతా తిరగాలా అని మీ అమ్మ అడిగింది. అక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక కొన్నవాడు తను ఉండే చోటే కేసు వెయ్యవచ్చు. నీ ఇల్లు ఇక్కడ, నీ ఆధార్ ఇక్కడిది. కంసావతి దాటితే మిడ్నాపూర్. అసలు వెళ్లకుండా ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్లోనే వెయ్యవచ్చు, విచారణ వీడియోలో జరపమని కూడా కోరవచ్చు. వస్తువుకి ఇచ్చిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు. నీ కారు ధరకి ఫీజు 200 రూపాయలు. వకీలు తప్పనిసరి కాదు, నీ కేసు నువ్వే చెప్పుకోవచ్చు. నోటీసు అందాక కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇంకో 15 రోజులు అడగవచ్చు, ఆపైన లేదు. 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే ఆ గీత గీసింది. తీర్పు 3 నెలల్లో, ల్యాబు పరీక్ష ఉంటే 5 నెలల్లో అని చట్టం అంటుంది. వాస్తవంలో అంతకన్నా చాలా ఆలస్యమవుతుంది, ఓపిక ఉంచుకో. కేసు వెయ్యడానికి గడువు మాత్రం రెండేళ్లు.

షోరూమునీ, తయారీ కంపెనీనీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చు. కంపెనీ, డీలరు వేర్వేరు వ్యాపారులని, ఒకరి తప్పు ఇంకొకరికి ఊరికే అంటదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఒక్కరినే చేర్చితే ఆ ఒక్కరూ రెండోవారి వైపు వేలు చూపిస్తారు.

ఏం అడగాలో కూడా చెబుతాను. ఇక్కడే కుర్రకారు దెబ్బతింటారు. కొత్త కారు ఇప్పించండి, పది లక్షల పరిహారం ఇప్పించండి అని రాసేస్తారు. 2006లో మారుతి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. వారంటీ అంటే పాడైన భాగాన్ని బాగుచెయ్యడం, మార్చడం. దాని కోసం మొత్తం బండి మార్చమనడం కుదరదంది. ఇంకొకటి. కొందరు వకీళ్లు 2019 చట్టంలో కొత్తగా వచ్చిన ఉత్పత్తి బాధ్యత అధ్యాయం కింద వేద్దామంటారు. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ఆ అధ్యాయంలో హాని అంటే వస్తువు వల్ల మనిషికో, వేరే ఆస్తికో జరిగినది. ఆ వస్తువుకే జరిగిన నష్టం అందులోకి రాదని నిర్వచనంలోనే ఉంది. ఏసీ ఆగడం వల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాబట్టి నీది లోపమున్న వస్తువు, లోపమున్న సేవ అనే పాత దారి. నువ్వు కట్టిన 42 వేలు, దాని మీద వడ్డీ, ఖర్చులు, నిన్ను తిప్పినందుకు న్యాయమైన పరిహారం. అంతవరకే అడుగు. కొలిచి అడిగినవాడి మాట కమిషన్ శ్రద్ధగా వింటుంది.

ఇక మీ నాన్న సంగతి. అతను పిరికివాడు కాదు. నిమ్‌పురా యార్డులో రాత్రి డ్యూటీలు చేసి మిమ్మల్ని చదివించినవాడు. అతని భయం వేరు. "ఊరు కాని ఊళ్లో మనకి కోర్టు గొడవలెందుకు, బాబాయ్" అని నాతోనూ అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు, అతనికీ చెప్పాను, నీకూ చెబుతున్నాను. ఇది ఊరు కాని ఊరు ఎలా అవుతుంది? బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనూ, వర్క్‌షాపూ కట్టిన కాలంలోనే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవాళ్లు కూలికి వచ్చారు. నూరేళ్లు దాటింది. మన పిల్లలు తెలుగు నేర్చుకున్నదిక్కడే. మన పెద్దల్ని సాగనంపిందీ ఇక్కడే. 1927లో ఉద్యోగాల కోత మీద ఇదే వర్క్‌షాపులో సమ్మె జరిగింది, లాకౌటూ జరిగింది. అందులో తెలుగువాళ్లు, బెంగాలీలు, ఒడియావాళ్లు, బిహారీలు కలిసి నిలబడ్డారు. ఆ రైల్వే కార్మిక సంఘాన్ని నడిపిన నాయకుల్లో వి.వి.గిరి ఒకరు. బరంపురంలో పుట్టిన ఆ తెలుగాయనే 1969లో రాష్ట్రపతి అయ్యారు. అప్పటి కార్మికులకు ఈ చట్టాలు లేవు, 1915 నెంబరు లేదు, రెండొందల ఫీజుతో వినే కమిషన్ లేదు. జీతం పోగొట్టుకుని, పస్తులుండి అడిగారు. నీకు వాళ్ల కష్టంలో వందో వంతు కూడా లేదు. అన్ని సౌకర్యాలూ ఉండి అడగకపోతే తప్పు ఎవరిది?

డబ్బు విషయం కూడా చిన్నది కాదు. 42 వేలంటే మీ నాన్నకి నెల పెన్షన్ కన్నా ఎక్కువ. నీ తోటివాళ్లు ఎంతమంది ఇదే మాట విని, గొణుక్కుంటూ కట్టేసి వచ్చారో. అందరూ కట్టేస్తున్నారు కాబట్టే స్టీరియో అనే సాకు నిలబడుతోంది. ఒక్కడు కాగితం మీద కారణం అడిగితే, రెండోవాడికి ఆ సాకు చెప్పేముందు వాళ్లు ఆలోచిస్తారు. నువ్వు ఓడినా సరే, ఈ పని చెయ్యమనే అంటాను.

శనివారం రాగానే భోజనం అయ్యాక నా దగ్గరికి రా. కారు బిల్లు, వారంటీ పుస్తకం, సర్వీసు రసీదులన్నీ, జాబ్‌కార్డు, స్టీరియో కొన్న బిల్లు కూడా తీసుకురా. దాన్ని దాచొద్దు, ఏ తీగకు ఏది కలిపారో రాసి ఉంటే అది నీకే పనికొస్తుంది. మెయిల్ ఇంగ్లీషులో నువ్వు రాయి, నేను పక్కన కూర్చుంటాను. ఆదివారం రాత్రికల్లా అది వెళ్లిపోవాలి. అప్పటిదాకా షోరూం నుంచి ఎవరు ఫోన్ చేసినా పాత కంప్రెసర్ వాళ్లకి ఇవ్వడానికి ఒప్పుకోకు.

ఇట్లు,
నీ చినతాత